తలకిందులుగా దిగే పిట్ట

చెట్టెక్కే పిట్ట పేరు చెప్పమంటే మనలో నూటికి తొంభై మంది వడ్రంగి పిట్ట అంటారు. తప్పేం లేదు. నెత్తిన కుచ్చు, ఉలిలాంటి ముక్కు, టకటకమని చప్పుడు. మాను మీద అంత హడావిడి చేసే పిట్ట ఇంకోటి లేదు మరి. కానీ అదే మాను మీద, ఇంచుమించు అవే పురుగుల కోసం, పెద్దగా చప్పుడు చెయ్యకుండా తిరిగే బుల్లి పిట్టలు ఇంకొన్ని ఉన్నాయి. వీటికి ఉలి లేదు, సుత్తి లేదు. చెట్టుని తొలవవు. బెరడు పగుళ్ళలో ఏముందో చూసుకుని, దొరికింది తిని, పక్క చెట్టుకి పోతాయి. వీటిలో నాకు తెగ నచ్చినవి రెండు రకాలు. ఒకటి ఎప్పుడూ పైకే ఎక్కుతుంది. రెండోది ఎంచక్కా తలకిందులుగా దిగుతుంది. మొదటిదాన్ని ఇంగ్లీషువాళ్ళు క్రీపర్ అంటారు, రెండోదాన్ని నట్‌హ్యాచ్ అంటారు.

ఈ టపా ఆ రెండు పిట్టల గురించి. అయితే చివరికొచ్చేసరికి చెట్లని మనం లెక్కపెట్టే పద్ధతి మీదకి పోతుంది. ముందే చెప్పేస్తున్నా, తర్వాత "పిట్టల కథ అని పిలిచి పాలసీ చెప్తాడేంటి" అని తిట్టుకోవద్దు :)

ముందు క్రీపర్ సంగతి.

నేను ఆన్‌సైట్ పేరుతో రెండు చలికాలాలు న్యూజెర్సీలో ఉన్నా. అపార్ట్‌మెంట్ వెనక ఓక్ చెట్లు, వాటి వెనక ఇంకా ఓక్ చెట్లు. జనవరిలో ఆకు అన్నది ఉండదు కాబట్టి చూడ్డానికి మాను తప్ప ఏమీ మిగలదు. అలా చూస్తున్నప్పుడు ఒక బెరడు ముక్క కదిలినట్టు అనిపిస్తుంది. అదే బ్రౌన్ క్రీపర్. వీపంతా గోధుమరంగు మీద తెల్ల చారలు, అచ్చం బెరడులాగే. పొట్ట తెలుపు, కానీ పొట్టని మానుకి ఆనించే ఉంచుతుంది కాబట్టి అది మనకి కనపడదు. ముక్కు సన్నగా, కిందికి వంగి, ట్వీజర్ లాగా ఉంటుంది. పొడవు 13 సెంటీమీటర్లు, అందులో సగం దాకా తోకే. బరువు ఎనిమిది గ్రాములు అటూ ఇటూ, అంటే మన పది రూపాయల నాణెం అంత. డేగ లాంటిది వచ్చిందనుకోండి, రెక్కలు విప్పి మానుకి అంటుకుపోయి కదలకుండా ఉండిపోతుంది. ఇక వెతుక్కోవడం దాని వంతు.

దీని రూటు చాలా సింపులు. చెట్టు మొదట్లో వాలుతుంది. అక్కణ్ణుంచి మాను చుట్టూ గుండ్రంగా తిరుగుతూ పైకెక్కుతుంది. పైదాకా వెళ్ళాక దిగదు. పక్క చెట్టు మొదలుకి ఎగిరిపోయి మళ్ళీ ఒకటి నుంచి మొదలెడుతుంది. ఎందుకు దిగదు అంటే దాని డిజైను అలాంటిది. తోక ఈకలు గట్టిగా, చివర మొనదేలి ఉంటాయి. పొడుగాటి గోళ్ళతో బెరడు పట్టుకుని, తోకని కింద ఊతకర్రలా ఆనించి, చిన్న చిన్న గెంతులతో పైకి పోతుంది. ముక్కాలి పీట లెక్క అన్నమాట. తల కిందికి పెడితే ఆ ఊతకర్ర ఆకాశంలో ఉంటుంది, ఎందుకూ పనికిరాదు.

ఇక్కడే నన్ను పడగొట్టిన సంగతి ఒకటుంది. పిట్టలు ఏడాదికోసారి ఈకలు రాల్చి కొత్తవి తెచ్చుకుంటాయి కదా. తోకే ఊతకర్ర అయినప్పుడు తోక ఈకలు రాలిపోతే పని ఎలా? క్రీపర్ల జాతిలో దీనికో ఏర్పాటుంది. చుట్టూ ఉన్న తోక ఈకలన్నీ ముందు రాలి కొత్తవి వస్తాయి. బరువు మోసే మధ్య జత మాత్రం మిగతావి పెరిగి సిద్ధమయ్యేదాకా రాలదు. వడ్రంగి పిట్టల్లో కూడా ఇదే వరస. మనం సర్వర్లని ఒక్కొక్కటిగా అప్‌గ్రేడ్ చేస్తూ సైటు ఆగకుండా చూసుకోవడానికి ఎన్ని అర్ధరాత్రి కాల్స్ పెట్టుకుంటాం! ఎనిమిది గ్రాముల పిట్ట ఏటా చేస్తోంది, మేనేజరు లేకుండా.

ఇంకో లెక్క కూడా చెప్తా. ఒక్క సాలీడుని తింటే క్రీపర్‌కి సుమారు 200 అడుగులు నిట్టనిలువుగా ఎక్కేంత శక్తి వస్తుందని లెక్కకట్టారు. అంటే దాదాపు ఇరవై అంతస్తులు. మనకి రెండో అంతస్తు క్యాంటీన్‌కే లిఫ్టు కావాలి, ఆ తర్వాత ప్లేటు నిండా బిర్యానీ కావాలి.

గూడు కూడా విచిత్రమే. చచ్చిపోయిన, లేదా చావడానికి సిద్ధంగా ఉన్న చెట్టు బెరడు అట్టలా లేచి వేలాడుతుంటుంది చూడండి, ఆ అట్టకీ మానుకీ మధ్య సందులో గూడు కడుతుంది. ఎంత గుట్టుగా కడుతుందంటే, అమెరికాలో ఇంతమంది పక్షుల పిచ్చివాళ్ళు ఉండి కూడా ఆ సంగతి 1879 దాకా కనిపెట్టలేకపోయారు.

ఇప్పుడు నట్‌హ్యాచ్.

పొట్టి తోక, పొట్టి మెడ, బలమైన కాళ్ళు, సూటిగా గట్టి ముక్కు. న్యూజెర్సీలో కనపడేది తెల్ల రొమ్ము నట్‌హ్యాచ్. వీపు నీలం కలిసిన బూడిదరంగు, మొహం తెలుపు, మగదానికి నెత్తిన నల్ల టోపీ. ముక్కుతో మాట్లాడినట్టు "యాంక్ యాంక్" అని అరుస్తుంది. జలుబు చేసినవాడు ఫోన్లో మాట్లాడినట్టు ఉంటుంది. చలికాలంలో చికడీ లాంటి చిన్న పిట్టల గుంపులో కలిసి తిరుగుతుంది. ఒక్కోసారి అదే గుంపు వెంట క్రీపర్ కూడా ఉంటుంది.

దీని తోక మెత్తన, ఊతకి పనికిరాదు. అందుకని మొత్తం బరువు కాళ్ళ మీదే. రెండు కాళ్ళూ పక్కపక్కన పెట్టదు. ఒకటి పైన, ఒకటి కింద, దూరం దూరంగా పెడుతుంది. పై కాలితో వేలాడుతుంది, కింది కాలితో ఆనుకుంటుంది. వెనక వేలి గోరు పెద్దది, కొక్కెంలా పట్టుకుంటుంది. ఊతకర్ర లేకపోవడమే దీనికి కలిసొచ్చింది. పైకి, కిందికి, పక్కకి, కొమ్మ అడుగున, ఎటు కావాలంటే అటు నడుస్తుంది. తల కిందికి పెట్టి మాను మీద దిగుతూ, మధ్యలో ఆగి మెడ పైకెత్తి చుట్టూ చూస్తుంది. ఆ భంగిమ ఒకసారి చూస్తే మర్చిపోరు.

ఎందుకు తలకిందులుగా దిగడం? పైకెక్కేవాళ్ళకి కనపడని పగుళ్ళు పైనుంచి దిగేవాళ్ళకి కనపడతాయి కాబట్టి అంటారు పక్షుల గురించి రాసేవాళ్ళు. బెరడు పలకల కింది అంచున ఉన్న పురుగు ఎక్కేవాడి కంటపడుతుంది, పై అంచు వెనక దాక్కున్నది దిగేవాడి కంటపడుతుంది. ఒకే కోడ్‌ని ఇద్దరు రివ్యూ చేసినట్టు. రెండో వాడు కింది లైను నుంచి పైకి చదువుతాడు, అంతే తేడా.

ఈ నట్‌హ్యాచ్‌ల ఇంట్లో పనితనం బోల్డు. గింజలు దొరికితే బెరడు పగుల్లో ఇరికించి ముక్కుతో కొట్టి పగలగొడతాయి. ఆ కొట్టుడు వల్లే ఆ ఇంగ్లీషు పేరు. మిగిలిన గింజల్ని ఒక్కో గింజ ఒక్కో చోట బెరడు కింద దాచుకుంటాయి. ఎర్ర రొమ్ము నట్‌హ్యాచ్ తొర్ర ద్వారం చుట్టూ పైన్ చెట్టు బంక పూస్తుంది, దొంగలు రాకుండా. తను మాత్రం అంటుకోకుండా సూటిగా లోపలికి ఎగిరి దూరుతుంది. ఇక గోధుమ తల నట్‌హ్యాచ్ అని ఒకటుంది, అమెరికా ఆగ్నేయంలో పైన్ అడవుల్లో (షార్లెట్‌లో, అట్లాంటాలో ఉన్న మనవాళ్ళు ఇంటి వెనక చూసుకోండి). అది ఒక బెరడు ముక్కని ముక్కున పట్టుకుని, దాన్ని గునపంలా వాడి ఇంకో బెరడు ముక్కని లేపి కింద పురుగుని తింటుంది. దీని మీద డగ్లస్ మోర్స్ అనే ఆయన 1968లోనే పేపరు రాశాడు. పనిముట్టు వాడడం మన సొత్తేం కాదన్నమాట.

సరే, ఇవన్నీ అమెరికా పిట్టలు, మనకేంటి అంటారా? మనకీ ఉన్నాయి, ఇంకా అందంగా ఉన్నాయి.

పోయిన ఏడాది టీములో నలుగురం కలిసి మారేడుమిల్లి వెళ్ళాం. మిగతా ముగ్గురూ బొంగు చికెన్ కోసం, నేను కాస్త దానికోసమూ, కాస్త చెట్లకోసమూ. పొద్దున ఆరున్నరకి రోడ్డు పక్కన ఒక్కసారిగా చిన్న పిట్టల గుంపు ఒకటి వచ్చింది. నాలుగైదు జాతులు కలిసి, పెళ్ళి బస్సు దిగినట్టు. అందులో ఒకటి మాను మీద తలకిందులుగా జరజరా దిగుతోంది. వీపు ఊదా కలిసిన నీలం, ముక్కు పగడంలా ఎరుపు, నుదుటి మీద నల్ల మఖ్మల్ ముక్క అతికించినట్టు మచ్చ, కన్ను పసుపు. వెల్వెట్ ఫ్రంటెడ్ నట్‌హ్యాచ్. మన తూర్పు కనుమల్లో, పడమటి కనుమల్లో, హిమాలయాల అడుగున, ఇంకా ఆగ్నేయాసియా అంతా ఉంటుంది. మొత్తం కలిపి పదిహేను సెకన్లు చూసుంటాను. పక్కనున్నవాడు "ఎక్కడ్రా, ఎక్కడ్రా" అనేలోపు గుంపంతా లోయలోకి పోయింది.

మన దేశపు మైదానాల అడవుల్లో ఇంకో నట్‌హ్యాచ్ ఉంది. వీపు పలకరంగు, మగదాని పొట్ట ముదురు ఇటికరంగు. దానికి పాత మామిడి తోపులంటే ఇష్టం. తొర్రలో గూడు పెట్టి, ద్వారం పెద్దదైతే మట్టితో మెత్తి తనకి సరిపడా చిన్నది చేసుకుంటుంది. యూరప్‌లో దీని బంధువు కూడా ఇదే పని చేస్తుంది. జర్మన్‌లో దాని పేరు క్లైబర్, అంటే మట్టి మెత్తే మేస్త్రి. పేరు పెడితే అలా పెట్టాలి!

క్రీపర్‌కి జవాబుగా మనకి మచ్చల క్రీపర్ ఉంది. 1831లో శాస్త్రీయంగా పేరు పెట్టారు. ఉత్తర, మధ్య భారతంలో ఎండు అడవుల్లో ఉంటుంది. ఒళ్ళంతా నలుపు తెలుపు చుక్కలు. ఇది పైకే ఎక్కుతుంది గానీ, తోక గట్టిది కాదు. ఊతకర్ర లేకుండా, ఒట్టి గోళ్ళతో ఎక్కుతుంది. అందుకేనేమో, దానికి బాగా గరుకు బెరడు కావాలి. తుమ్మ, తునికి (అదే మన బీడీ ఆకు చెట్టు) లాంటివి. నున్నటి మాను ఉన్న చెట్టు జోలికి పోదు.

ఇక్కడ ఆగి ఒక మాట. ఇన్ని రకాల పిట్టలు, ఇన్ని దేశాలు, ఒక్కోదానికి ఒక్కో టెక్నిక్. దక్షిణ అమెరికాలో వుడ్‌క్రీపర్లు ఉన్నాయి, ఆస్ట్రేలియాలో ట్రీక్రీపర్లు ఉన్నాయి. ఇవేవీ మన క్రీపర్లకి దగ్గర చుట్టాలు కావు. ఎవరి దారిలో వాళ్ళు వచ్చి అదే ఉద్యోగంలో చేరారు. ఎందుకంటే ఆ ఉద్యోగం ప్రతి అడవిలోనూ ఖాళీగా ఉంది. బెరడు పగుళ్ళనిండా సాలీళ్ళు, గుడ్లు, పురుగులు. వాటిని ఏరుకు తినేవాడు కావాలి. కాబట్టి ఈ పిట్టల ఇల్లు అడవి అనడం కన్నా బెరడు అనడం కరెక్టు. పాత బెరడు, పగిలిన బెరడు, లేచిన బెరడు.

రెండో అవసరం తొర్ర. నట్‌హ్యాచ్‌లలో చాలావాటికి తమంతట తాము గట్టి కర్ర తొలిచే ముక్కు లేదు. వడ్రంగి పిట్టో, కంసాలి పిట్టో తొలిచి వదిలేసిన తొర్ర కావాలి, లేదా కొమ్మ విరిగిన చోట పుచ్చిపోయి ఏర్పడ్డ తొర్ర కావాలి. కంసాలి పిట్ట తొలవాలంటే దానికి పుచ్చిన కొమ్మ కావాలి. కొమ్మ పుచ్చాలంటే చెట్టుకి వయసు రావాలి. మన భాషలో చెప్పాలంటే డిపెండెన్సీ చెయిన్. కింద ఉన్న ఒక ప్యాకేజీ తీసేస్తే పైన ఏది ఆగిపోతుందో ఇన్‌స్టాల్ చేసినవాడికి కూడా తెలీదు. ఇక్కడ అన్నిటికన్నా కింద ఉన్న ప్యాకేజీ పేరు "ముసలి చెట్టు".

ఇప్పుడు మనం చెట్లని ఎలా లెక్కపెడుతున్నామో చూడండి.

తెలంగాణలో 2015లో హరితహారం మొదలైంది. లక్ష్యం 230 కోట్ల మొక్కలు, పచ్చదనం 24 శాతం నుంచి 33 శాతానికి. మొక్కలు నాటడం మంచిదే, నేను వంక పెట్టను. రోడ్ల పక్కన నీడ వచ్చింది, కళ్ళముందే ఉంది. అడవి భూమిని ప్రాజెక్టులకి ఇచ్చినప్పుడు ఆ నష్టానికి బదులు వేరేచోట చెట్లు పెంచడానికి కట్టించుకునే డబ్బు కోసం 2016లో పార్లమెంటు చట్టమే చేసింది. ఇక దేశంలో అడవి ఎంతుందో చెప్పే ఫారెస్ట్ సర్వే వాళ్ళ నిర్వచనం చూస్తే, ఒక హెక్టారు పైన ఉన్న భూమిలో చెట్ల కొమ్మల నీడ 10 శాతం దాటితే అది అటవీ విస్తీర్ణం కింద లెక్క. భూమి ఎవరిదైనా సరే, చెట్టు ఏదైనా సరే. అంటే మారేడుమిల్లి అడవీ అడవే, జామాయిల్ తోటా అడవే. ఉపగ్రహం పైనుంచి చూస్తుంది. దానికి ఆకుపచ్చ కనపడుతుంది, బెరడు కనపడదు.

2025లో మన ఆఫీసుల పక్కనే కంచ గచ్చిబౌలి గొడవ జరిగింది గుర్తుందిగా. 400 ఎకరాలు, బుల్‌డోజర్లు, విద్యార్థుల ఆందోళన, ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపమనడం. ఆ రోజుల్లో మన క్యాబుల్లో, క్యాంటీన్లలో జరిగిన వాదనలన్నీ నేను విన్నా. అది అడవా కాదా, ఎన్ని చెట్లు కొట్టారు, బదులు ఎన్ని నాటితే సరి? అందరూ అంకె దగ్గరే కొట్టుకున్నారు. అంకె దేనికి అన్నది ఎవరూ అడగలేదు.

మన ఫీల్డులో ఈ జబ్బు మనకి బాగా తెలుసు. రాసిన కోడు లైన్ల లెక్కన ప్రోగ్రామర్‌ని కొలిస్తే ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు. లైన్లు పెరుగుతాయి. మొక్కల లెక్కన అడవిని కొలిస్తే మొక్కలు పెరుగుతాయి. ఒక ముసలి ఇప్ప చెట్టుకి బదులు పది మొక్కలు నాటితే అంకె పదింతలు అవుతుంది. నట్‌హ్యాచ్‌కి మాత్రం పదికి పది సున్నాలే. ఆ పదింటిలో ఒక్కదానికైనా తొర్ర పడేసరికి మన ఉద్యోగాలు, మన రిటైర్‌మెంట్లు కూడా అయిపోతాయి.

జామాయిల్ని తిట్టడం ఇప్పుడు ఫ్యాషన్ కాబట్టి దాని తరఫున కూడా ఒక మాట. జామాయిల్ పుట్టిల్లు ఆస్ట్రేలియా. అక్కడ ముసలి జామాయిల్ చెట్ల తొర్రల్లో ట్రీక్రీపర్లు హాయిగా గూళ్ళు పెట్టుకుంటాయి. కాబట్టి దోషం చెట్టుది కాదు. మన దగ్గర కాగితం మిల్లు కోసం వేసిన జామాయిల్ నాలుగైదేళ్ళకే కోతకొస్తుంది. ఏ చెట్టైనా నాలుగేళ్ళకి కొట్టేస్తే దానికి తొర్ర ఎక్కణ్ణుంచి వస్తుంది? పరదేశపు చెట్టుతో కూడా కొత్త కాపురం పెట్టగలవు ఈ పిట్టలు, టైమిస్తే. బ్రిటన్‌కి 1853లో అమెరికా నుంచి సెక్వోయా చెట్లు తెచ్చి నాటారు. వాటి బెరడు స్పాంజిలా మెత్తన. అక్కడి క్రీపర్లు ఆ బెరడులో కోడిగుడ్డు ఆకారంలో గుంటలు చేసుకుని, చలిరాత్రులు అందులో ఒదిగి పడుకోవడం నేర్చుకున్నాయి. వాటి తాతలు ఏనాడూ చూడని చెట్టు అది. కానీ ఆ చెట్లని అక్కడ నాలుగేళ్ళకి కొట్టలేదు. పార్కుల్లో, బంగళాల ముందు పెరగనిచ్చారు.

ఇదంతా నేను ఏసీ రూములో కూర్చుని రాస్తున్న నీతి కాదు. ఈ సంక్రాంతికి మా ఇంట్లో ఇదే పంచాయితీ నడిచింది.

మా ఊరు మెట్టలో, కొండలకి కాస్త దగ్గర్లో. తాతగారు వేసిన మామిడి తోట మూడెకరాలు. కాపు తగ్గింది, చాలా చెట్లు పీచు రకం, కొనేవాడు లేడు. నాన్నగారికి అరవై రెండు. చెట్లు కొట్టించి జామాయిల్ వేద్దామని ఆయన ఆలోచన. చుట్టుపక్కల అందరూ అదే చేశారు. నీళ్ళు పెట్టక్కర్లేదు, కాపలా అక్కర్లేదు, కోత టైముకి లారీ గట్టు దాకా వస్తుంది.

నేను ఆ తోటలో ఉన్న తొర్రల గురించి చెప్పాను. ఏ చెట్టులో కంసాలి పిట్ట ఉందో, ఏ చెట్టులో పైడికంట్లు ఉన్నాయో చూపించాను. ఆయన ఓపిగ్గా విని అన్నారు: "బానే ఉందిరా. ఈ పిట్టలకి పింఛనిచ్చే స్కీము ఏదన్నా ఉంటే చెప్పు, రేపే మండలాఫీసుకెళ్ళి అప్లై చేద్దాం."

నవ్వొచ్చింది గానీ, ఆయన అన్నదాంట్లో అసలు పాయింటు ఉంది. పది మొక్కలు నాటేవాడికి స్కీము ఉంది, ఫోటో ఉంది. ముసలి చెట్టుని కొట్టకుండా ఉంచుకున్న రైతుకి ఏముంది? తోట ఉంచితే నష్టం ఆయనది, తొర్ర వల్ల లాభం ఊరందరిది, పిట్టలది. "పర్యావరణం నాన్నగారూ" అని నేను నెల జీతం తీసుకుంటూ చెప్పడం తేలిక. కూలీల కోసం పొద్దున్నే నాలుగిళ్ళు తిరిగేది ఆయన.

అందుకని వాదన మానేసి ఎక్సెల్ తీశా. మూడెకరాలకి జామాయిల్ మీద ఎంతొస్తుంది, ఖర్చులు పోను ఏడాదికి సగటున ఎంత పడుతుంది, ఇద్దరం కూర్చుని వేశాం. వచ్చిన అంకె ఆయన అనుకున్నదాని కన్నా తక్కువ, నేను అనుకున్నదాని కన్నా ఎక్కువ. చివరికి తేలిందేంటంటే, రోడ్డు వైపు రెండెకరాల్లో కాపు లేని చెట్లు తీసి జామాయిల్. కొండ వైపు ఎకరంలో ఉన్న పద్నాలుగు చెట్లూ, గట్టు మీద ఎండిపోయి నిలబడ్డ చింతమానుతో సహా, ఉంటాయి. ఆ ఎకరానికి పోయే ఆదాయం ఏటా నేను ఇస్తాను. పేరు పింఛను, లబ్ధిదారులు పిట్టలు, ఖాతా నాన్నగారిది. నెలకి చూసుకుంటే హైదరాబాదులో నేను వారాంతాల్లో తగలేసే దాంట్లో మూడో వంతు.

ఆ తోటలో నట్‌హ్యాచ్ నాకు కనపడలేదు. కనపడిందని కథ అల్లితే టపాకి ముగింపు బాగుండేది. కానీ కొండ మీద అడవి మూడు కిలోమీటర్లే. తొర్రలు సిద్ధంగా ఉన్నాయి. రావడం రాకపోవడం దాని ఇష్టం. ఆ లోపు కంసాలి పిట్టలు, పైడికంట్లు ఎలాగూ ఉన్నాయి. రెండెకరాలు పోయినందుకు బాధ ఉంది. అది నేను భరించగలిగినదాన్ని మించిన లెక్క, అంతే.

అందరికీ మామిడి తోటలుండవని తెలుసు. కానీ గేటెడ్ కమ్యూనిటీలో మెయింటెనెన్స్ కమిటీ ఉంటుంది. ఎండిన కొమ్మ కనపడగానే "క్లీన్ చేయించండి" అని వాట్సాప్‌లో మెసేజీ పెట్టేది మనమే. పిల్లలు ఆడుకునే చోట, కార్లు పెట్టే చోట ఎండుకొమ్మ ఉంటే కొట్టించాల్సిందే, అందులో మాట లేదు. ఎవరూ తిరగని ప్రహరీ మూలన ఎండు మాను నిలబడి ఉంటే దాన్ని మాత్రం వదిలెయ్యమని చెప్పొచ్చు. ఆఫీసులో మొక్కలు నాటే కార్యక్రమానికి పిలిచినప్పుడు ఎన్ని మొక్కలు అని కాకుండా, పోయినేడు నాటినవి ఎన్ని బతికాయి, వాటిని ఎన్నేళ్ళు ఉంచుతారు అని అడగొచ్చు. ఆ రెండో ప్రశ్న నేను మా ఆఫీసులో అడిగా. జవాబు ఇంకా రాలేదు. టికెట్ ఓపెన్‌గానే ఉంది :)

ఈసారి అరకో, మారేడుమిల్లో, నల్లమలో వెళ్ళినప్పుడు వ్యూ పాయింట్ దగ్గర సెల్ఫీ అయ్యాక ఒక్క పది నిమిషాలు ఏదో ఒక పాత చెట్టు మానుని చూడండి. ఆకుల్ని కాదు, మానుని. చిన్న పిట్టల గుంపు చప్పుడు వినపడితే అక్కడే నిలబడండి. అందులో ఒకటి తలకిందులుగా దిగుతుంటే చెట్టు పేరేంటో, బెరడు ఎలా ఉందో, తొర్ర ఉందో లేదో చూసి వ్యాఖ్యల్లో రాయండి. ఎన్ని చెట్లున్నాయో మాత్రం రాయక్కర్లేదు. ఆ అంకె చెప్పడానికి బోల్డుమంది ఉన్నారు.